మేనేజరు కోటు

"మేనేజర్ని పిలవమ్మా" అనేవాడు, గదిలో వేడినీళ్లు రాని ప్రతివాడూ. "డ్యూటీ మేనేజర్ని నేనేనండీ" అంటే నా భుజం మీదుగా వెనక్కి చూసేవాడు, అసలు మనిషి అక్కడెక్కడో దాక్కున్నట్టు. ఆడవాళ్లూ తక్కువేం కాదు. పద్దెనిమిదేళ్లుగా ఈ హోటల్లో ఇదే తంతు.

ఒకరోజు ఒళ్లు మండి, భోజనాల హాలు చూసే సూపర్‌వైజరుకు నల్లకోటు తొడిగించి నా పక్కన నిలబెట్టాను. ఆరడుగుల మనిషి, వట్టి అమాయకుడు. "తమ్ముడూ, నేను చెప్పిందే నువ్వూ చెప్పు, చాలు" అన్నాను. అతను నా మాటే పొల్లుపోకుండా అప్పజెప్పాడు. అప్పటిదాకా చిందులు తొక్కిన పెద్దమనిషి పిల్లిలా గదికి పోయాడు. మేమిద్దరం పడీపడీ నవ్వుకున్నాం. అప్పటినుంచి ఎవరు గొంతు పెంచినా కోటు రావాల్సిందే. ఫిర్యాదుల పుస్తకంలో సంతకం కూడా అతనే పెట్టేవాడు. పని తెమిలితే చాలనుకున్నాను, బుద్ధి గడ్డి తిని.

ఈమధ్య మా జనరల్ మేనేజరు రిటైరయ్యారు. ఆ కుర్చీ నాదేనని నేనే కాదు, వంటవాళ్లూ అనుకున్నారు. యజమాని నన్నూ సూపర్‌వైజర్నీ పిలిచి, దాన్ని అతనికిస్తున్నానన్నారు. ఫిర్యాదుల పుస్తకం తిప్పి అతని సంతకాలు చూపించారు. "గొడవలన్నీ సర్దింది ఇతనే కదమ్మా."

అతను, పాపం, నీళ్లు నమలకుండా ఉన్నదంతా చెప్పేశాడు. "నాకేం తెలీదు సార్. అక్క చెప్పమన్నది చెప్పానంతే."

యజమాని పుస్తకం మూసేశారు. "అయితే ఇంకా మంచిది. అలాగే కానివ్వండి. నువ్వు చెప్పమ్మా, ఇతను నిలబడతాడు."

నాకు అన్యాయం చేస్తున్నానన్న అనుమానం ఆయనకు ఆవగింజంతైనా లేదు. నాకు ఏడుపొచ్చింది. ఆయన ముందు మాత్రం ఏడవలేదు.

ఇక ఒక్క ముక్క కూడా అందించనని ఒట్టు పెట్టుకున్నాను. వారం తిరక్కుండానే, తను బుక్ చేసుకున్న గది వేరేవాళ్లకు ఇచ్చేశారని ఒకాయన కౌంటరు మీద బాదుతూ "మేనేజరెక్కడ?" అన్నాడు. కొత్త జనరల్ మేనేజరు వచ్చి, అలవాటుగా నా వైపు వంగాడు.

"ఏం చెప్పనక్కా?"

"మేనేజరువి నువ్వు కదా తమ్ముడూ. నువ్వే చెప్పు."

మూడో అంతస్తులో ఒక గది ఖాళీగా ఉందని నాకు తెలుసు. అయినా పెదవి విప్పలేదు. ఇతను తడబడితే గానీ నా విలువ ఎవరికీ తెలిసిరాదనుకున్నాను. అతను వచ్చినాయన వైపు తిరిగాడు.

"నాకు తెలీదండీ. కనుక్కుని చెప్తాను" అన్నాడు.

వచ్చినాయన కౌంటరు మీద నుంచి చెయ్యి తీశాడు. "పర్లేదు సార్. నిదానంగా చూడండి" అని వెళ్లి సోఫాలో కూర్చున్నాడు.

పద్దెనిమిదేళ్లలో, సరైన జవాబు చెప్పినప్పుడు కూడా, నాకెవరూ ఆ మాట అనలేదు.