గోడ మీది రొట్టె

ఒకే మనిషిని రెండు ప్రభుత్వాలు మావాడంటే మావాడని గుంజుకుంటుంటే ఆ మనిషి మీసం మెలేసుకోవాలి. ఎర్గాష్‌కు మాత్రం జేబుకు చిల్లు పడింది. సరిహద్దు అవతలి దేశంలోని అల్మాటీలో నీటి పంపుల నమూనాలు గీసే పని అతనిది, ఇల్లు ఇటు సమర్కండ్‌లో. అక్కడి కంపెనీ డబ్బిచ్చే ప్రతిసారీ ఐదో వంతు పన్ను కింద ముందే కోసేసి మిగతాది ఆ దేశపు టెంగేల్లో ఇచ్చేది. ఆ సంపాదన మీదే సమర్కండ్ పన్నుల ఆఫీసు మళ్ళీ చెయ్యి చాచేది. ఏడాదిలో సగానికి పైగా మా దగ్గరే ఉంటున్నాడు కాబట్టి మావాడే అని వాళ్ళు, పెళ్ళాం పిల్లలు ఇక్కడే కాబట్టి మావాడే అని వీళ్ళు. కొత్త అల్లుడి కోసం కూడా ఎవరూ ఇంత పోటీ పడరు.

ఈ చిక్కు విప్పాల్సిందేనని పట్టుబట్టింది అతని భార్య జెబినిసో. డబ్బు పైకి చెప్పే సాకు. లోపల ఆమె బెంగ వేరు. ఎర్గాష్ మొదట్లో సెలవులకు వస్తే నెలరోజులు ఉండేవాడు, తర్వాత వారం, ఈసారి మూడు రోజులే. ప్రభుత్వమైనా సరే, ఎవరో ఒకరు "ఈయన సమర్కండ్ మనిషి" అని రాసి ముద్ర కొడితే ఆమెకు కంటినిండా నిద్ర పడుతుంది.

వాళ్ళింటి గోడకు ఎండిపోయిన మందపాటి రొట్టె ఒకటి వేలాడుతూ ఉండేది. నాలుగేళ్ళ కిందట మొదటిసారి ప్రయాణమైన రోజున ఎర్గాష్ ఒక్క ముక్క కొరికి ఇచ్చిన రొట్టె. వెళ్ళినవాడు తిరిగొచ్చి మిగతాది తినేదాకా దాన్ని ఎవరూ ముట్టరు. మా దగ్గర ఇంటింటా అంతే. అతను వచ్చినప్పుడల్లా ఆమె దాన్ని దించబోయేది. "ఇప్పుడు కాదులే, పూర్తిగా వచ్చేశాక తింటాను" అనేవాడు. ఆ మాటకే పొంగిపోయి మళ్ళీ తగిలించేది, పిచ్చిది.

ఎర్గాష్ తిరుగు ప్రయాణం రోజు పొద్దున్నే ఇద్దరూ కుద్రత్ అకా ఇంటికి వెళ్ళారు. పన్నుల ఆఫీసులో పనిచేసి రిటైరైన పెద్దాయన, అందరికీ అకా, అంటే అన్న. ద్రాక్షపందిరి కింద కూర్చుని వీధి మొత్తానికీ సలహాలు చెప్తుంటాడు.

"రావయ్యా, రెండు దేశాల అల్లుడా!" అని టీ పోశాడు. "చూడు తమ్ముడూ, ఒకే సంపాదన మీద ఇద్దరూ పడి తినకూడదని రెండు దేశాలూ ఎప్పుడో ఒప్పందం రాసుకున్నాయి. నువ్వు ఎటో ఒకవైపు తేలితే చాలు. ఇటు తేలావంటే ఇక్కడివాడివేనని ధ్రువపత్రం ఇప్పిస్తాను, అల్మాటీ వాళ్ళు కోత ఆపేస్తారు. అటు తేలావంటే మనవాళ్ళు నిన్ను వదిలేస్తారు."

"రెండు చోట్లా ఇల్లుంటే ఎలా తేలుస్తారు అకా?" అంది జెబినిసో.

"అప్పుడు ఒప్పందం ఒక్కటే అడుగుతుంది చెల్లెమ్మా. ఈ మనిషి బతుకు ఎటువైపు ఎక్కువ అల్లుకుని ఉంది అని."

ఆమె మొహం వెలిగిపోయింది. ఇంటి కాగితాలు, ఇద్దరు కూతుళ్ళ బడి కాగితాలు బల్ల మీద పెట్టింది. ఆ తర్వాత సంచిలోంచి గుడ్డ మూట తీసి విప్పింది. గోడ మీది రొట్టె!

కుద్రత్ అకా పగలబడి నవ్వాడు. "పన్నుల ఆఫీసుకు రొట్టె సాక్ష్యమా తల్లీ? దీని మీద ముద్ర ఏదీ?"

"పంటి గుర్తు ఉందిగా అకా. అంతకన్నా ఏం ముద్ర కావాలి?"

"సరే సరే. ఇదిగో, ఇక్కడివాడినేనని ఈ దరఖాస్తు మీద సంతకం పెట్టు. నీ నోటితో కూడా చెప్పు తమ్ముడూ, తర్వాత ఆఫీసువాళ్ళూ ఇవే అడుగుతారు. ఒంట్లో బాగాలేకపోతే ఏ ఇంటికెళ్ళి పడుకుంటావు? సాయంత్రం నీకు తలుపు తీసేదెవరు?"

ఎర్గాష్ రొట్టె వైపు చూసి కాగితం వెనక్కి జరిపాడు.

"సంతకం పెట్టలేను అకా. అబద్ధమవుతుంది."

"అబద్ధమేంటి?"

"నా బతుకు అటే ఉంది. అక్కడ ఒకావిడ ఉంది. బాబు కూడా ఉన్నాడు. నడుస్తున్నాడు."

ఆ చివరి మాట జెబినిసో గుండెలో దిగబడింది. నడుస్తున్నాడంటే కిందటి ఈద్‌కు ఇతను ఇంట్లో కూర్చుని పలావు మారు వడ్డించుకున్న నాటికే ఆ బిడ్డ ఉన్నాడన్నమాట. బాగుంది బాగుంది అని తిన్నాడు. తను ఎంత మురిసిపోయింది! 

"నిన్నెవడు నిజం చెప్పమన్నాడురా!" అని గొణిగి కుద్రత్ అకా తల దించుకున్నాడు. "పాడు ప్రశ్న అడిగాను."

జెబినిసో గిన్నె నిండా టీ పోసింది. రొట్టెను బల్ల అంచుకేసి కొట్టి విరిచి, రాళ్ళలాంటి ఆ ముక్కల్ని టీలో నానబెట్టి మొగుడి ముందుకు జరిపింది.

"తినండి."

"జెబో..."

"పూర్తిగా వచ్చేశాక తింటానన్నారు. మీరింక రారు. ఇంకొకరు తినకూడదు, పారెయ్యనూ కూడదు. దీన్ని గోడకు పెట్టుకుని నేనెలా బతకను? తినండి."

అతను తిన్నాడు. ఏడుస్తూ తిన్నాడు. అడుగున మిగిలిన పొడిని కూడా ఆమె చెంచాతో తీసి ఇచ్చింది. చిన్నపిల్లాడికి పెట్టినట్టే పెట్టింది. నాలుగేళ్ళుగా ఈ పూట కోసమే ఎదురుచూసింది మరి.

సాయంత్రం స్టేషనుకు వెళ్ళే కారు గుమ్మం ముందు ఆగింది. పెద్దమ్మాయి పెట్టె అందించింది. ఇద్దరు పిల్లలకూ ఇంకా ఏమీ తెలియదు. చిన్నది నిగినా వేడివేడి రొట్టె రెండు చేతులతో పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

"నాన్నా, గోడ మీద రొట్టె లేదు! కొరకకుండానే వెళ్ళిపోతారా?"

ఎర్గాష్ అలవాటుగా వంగాడు. నోరు తెరిచాడు. జెబినిసో మెల్లగా రొట్టె అందుకుంది.

"నాన్న ఇందాకే తినేశారమ్మా. ఇది మనకి."

కారు మలుపు తిరిగింది. ఆమె లోపలికొచ్చి గుడ్డ పరిచి, కూతుళ్ళను చెరో పక్కన కూర్చోబెట్టుకుని రొట్టె విరిచింది. పెద్దదానికి ఒకటి, చిన్నదానికి ఒకటి, తనకొకటి పెట్టాక చూసుకుంటే చేతిలో ఇంకో ముక్క ఉంది.

"ఇదెవరికమ్మా?" అంది నిగినా.