ఫ్లాస్కులో ఏముంది?

నేను ఒక ఫ్లాస్కును. పైన నీలం రేకు చొక్కా, లోపల అద్దంలా మెరిసే పూత పూసిన గాజు సీసా. ఆ సీసాకు రెండు గోడలు. పుట్టిన రోజునే కార్ఖానాలో ఆ గోడల మధ్య నుంచి గాలి మొత్తం లాగేశారు. వేడిని ఎక్కడ దొంగిలించుకుపోతుందోనని గాలిని కూడా నమ్మని జాతి మాది. అలాంటి నన్ను మనుషుల్ని నమ్మమంటే ఎలా నమ్ముతాను? నా మూత తిప్పిన ప్రతి చేతినీ ఓరచూపు చూస్తూనే బతికాను. న్యాయంగా చెప్పాలంటే, వాళ్లూ నన్ను అలాగే చూశారు.

నన్ను మొదట అందుకున్న చెయ్యి లెంక గౌరునాయుడిది. పార్వతీపురం వైపు పల్లెలకు తిరిగే బస్సులో కండక్టరు. ప్రయాణికులతో మర్యాదగా ఉంటాడని డిపోలో వేదిక కట్టి, దండవేసి, నన్ను బహుమతిగా ఇచ్చారు. కొన్నాళ్లు అల్లం టీతో తిరిగాను. డ్రైవరుకు ఒక మూతెడు, ముందు సీటులో కూర్చున్న ముసలమ్మకు ఒక మూతెడు పోసేవాడు. తరవాత ఒకరోజు నాలో బ్రాందీ పడింది. టీ రంగులోనే ఉంది కాబట్టి ఎవరికీ తెలియదనుకున్నాడు. తెలియకేం? నిన్నటిదాకా అడక్కుండానే పోసిన మనిషి, అడిగినా పొయ్యకపోతే పసిపిల్లలకైనా అనుమానం వస్తుంది. చివరికి తనిఖీకి ఎక్కిన అధికారి ఒకాయన ఎండకు నాలుక పిడచగట్టి, “నాయుడూ, కాస్త టీ పొయ్యవయ్యా” అన్నాడు. గౌరునాయుడు నన్ను చంకలో పెట్టుకుని, నడుస్తున్న బస్సులోంచి దూకి పొలాల్లోకి పరిగెత్తాడు. ఉద్యోగం అలా పోయింది.

ఆ పైన జరిగినవి తొందరగా చెప్పేస్తాను. ఆయన భార్య సన్యాసమ్మ నన్ను అటక మీద పడేసింది. ఆయన్ని మందు మాన్పించే ఆసుపత్రిలో పడేసింది. ఇద్దరం చాలాకాలం చీకట్లో ఉన్నాం. ఆయన ముందు బయటికొచ్చాడు. మానేశాడు. నిజంగానే మానేశాడు. ఆ ఆసుపత్రికే రోజూ వెళ్లి, కొత్తగా చేరినవాళ్ల పక్కన కూర్చుని మాట్లాడేవాడు. డాక్టరు చెబితే తల తిప్పుకునేవాళ్లు ఈయన చెబితే వినేవారట. దాంతో అక్కడి డాక్టరు, “శిక్షణ పూర్తిచేసి సర్టిఫికెట్ తెచ్చుకో, కౌన్సిలరుగా పెట్టుకుంటాం” అని విజయనగరం పంపాడు. చేతిలో ఏదో ఒకటి లేకపోతే ఆయనకు తోచదు. అందుకని నన్ను అటక దింపి, జీలకర్ర నీళ్లు పోసుకుని బయలుదేరాడు.

శిక్షణ కేంద్రంలో నర్సులు, టీచర్లు, సేవాసంస్థల వాళ్లు చేరారు. తాగుడు, గంజాయి, మత్తు బిళ్లలు, వీటి బారిన పడ్డవాళ్లతో ఎలా మాట్లాడాలో నేర్పే తరగతులు. నేర్పేది విశాలాక్షి మేడమ్. చేనేత చీర, నెమ్మదైన గొంతు. మొదటి రోజు అందరూ లేచి తమ గురించి చెప్పుకున్నారు. గౌరునాయుడు కూడా దాచకుండా, “నేను తాగి చెడినవాణ్ణి” అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. కొట్టి, ఒక్కసారిగా బల్లమీద ఉన్న నా వైపు చూశారు. ఆ చూపులు నాకు కొత్త కాదు.

పక్క కుర్చీలో సుగుణకుమారి అనే నర్సు కూర్చునేది. నర్సీపట్నం దగ్గరి మనిషి. ఆమె తమ్ముడు తాగి తాగి పోయాడు. వాడు దిండు గలీబులో, బియ్యం డబ్బాలో, ఆఖరికి దేవుడి గూట్లో కూడా సీసాలు దాచేవాడట. అందుకని మూత ఉన్న వస్తువు ఏది కనిపించినా ఆమె కళ్లు అక్కడే ఆగిపోతాయి. మేడమ్ బోర్డుమీద “ఏముంది అని అడగొద్దు. ఏమైంది అని అడగండి” అని రాసి, దాని మీద పూటంతా పాఠం చెప్పింది. సుగుణకుమారి శ్రద్ధగా రాసుకుంది. భోజనాల వేళ గది ఖాళీ అయ్యాక నా మూత విప్పి వాసన చూసింది. చాలక ఒక గుక్క నోట్లో పోసుకుంది.

గుమ్మంలో గౌరునాయుడు నిలబడి ఉన్నాడు.

“జీలకర్ర నీళ్లమ్మా” అన్నాడు. “ఇంకొంచెం పొయ్యమంటారా?”

ఆమె ముఖం కందగడ్డయింది. “క్షమించండి నాయుడుగారూ” అంది. ఆయన నవ్వి కూర్చున్నాడు కానీ, మూత బిగించేటప్పుడు వేళ్లు కొంచెం గట్టిగానే తిరిగాయి. ఆ సంగతి ఎలా పాకిందో, సాయంత్రానికి అందరికీ తెలిసింది. అందరూ సిగ్గుపడ్డారు. మర్నాటి నుంచి నా వైపు చూసిన వాళ్లు లేరు. మనుషుల అనుమానం ఎంత అన్యాయమో, దాన్ని మానుకునే పద్ధతి అంతకంటే ప్రమాదం. ఒకసారి రుచి చూసేస్తే ఇక ఆ ఫ్లాస్కులో ఎప్పటికీ జీలకర్ర నీళ్లే ఉంటాయనుకున్నారు.

తరవాత నాటకం కట్టించే పాఠం వచ్చింది. ఒకరు తాగుబోతుగా, ఒకరు ఇంటివాళ్లుగా మాట్లాడాలి. తాగుబోతు వేషం ఎవరికిచ్చారో చెప్పక్కర్లేదు. కూతురుగా ప్రశాంతి అనే చిన్న వయసు టీచరు నిలబడింది. పాపం, ఆమెకేమీ తెలియదు. అప్పటికప్పుడు తోచిన మాట అనేసింది.

“నాన్నా, నువ్వు మా కాలేజీకి రావద్దు. మా నాన్న చచ్చిపోయాడని చెప్పేశాను అక్కడ.”

ఇంచుమించు అదే మాట ఆయన సొంత కూతురు ఒకసారి అంది. అప్పుడూ నేను ఆయన చేతిలోనే ఉన్నాను. గౌరునాయుడు కళ్లలోంచి నీళ్లు జారుతుంటే తుడుచుకోవడం కూడా మరిచి నిలబడ్డాడు. గదంతా చప్పట్లు. “ఎంత సహజంగా చేశారండీ!” అంది మేడమ్. ఎదుటివాడి బాధ పసిగట్టడం నేర్చుకోవడానికి వచ్చినవాళ్లు, ఆ బాధకు చప్పట్లు కొట్టి టీ తాగడానికి వెళ్లారు.

ఆ సాయంత్రం ఆయన నన్ను పట్టుకుని రోడ్డు మీదికి వచ్చాడు. నాకప్పుడే అనుమానం తగిలింది. ఆ చేతి పట్టు నాకు తెలుసు. వైన్ షాపు ముందునుంచి ఒకసారి దాటి వెళ్లాడు. తిరిగి వచ్చాడు. జీలకర్ర నీళ్లు కాలవలో పారబోసి, ఆ పాత ఘాటును నాలో నింపాడు. తను బస చేసిన గదికి తెచ్చి బల్లమీద పెట్టాడు. మూత తియ్యలేదు. తీస్తాడనే కాచుకున్నాను. పొద్దున తెల్లచొక్కా వేసుకుని, నన్ను అలాగే తరగతికి తీసుకెళ్లాడు. ఎందుకు తీసుకెళ్లాడో ఆయనకే తెలిసి ఉండదు.

ఎవరూ చూడలేదు. ఒక్క మనిషైనా అనుమానంగా చూస్తే బావుండునని నా బతుకులో మొదటిసారి అనిపించింది.

సుగుణకుమారి దగ్గుతూ వచ్చింది. “నాయుడుగారూ, గొంతు పట్టేసింది. కాస్త మీ జీలకర్ర నీళ్లు పొయ్యండి” అని చనువుగా గ్లాసు చాపింది.

ఆయన చెయ్యి నా మీద బిగుసుకుంది. తలుపు తీసే ఉంది. కాళ్లు కదిలాయి కూడా. పారిపోతాడనే అనుకున్నాను.

“వద్దమ్మా” అన్నాడు చిన్నగా. “ఇయ్యాల జీలకర్ర నీళ్లు కావు.”

ఆమె గ్లాసు దించింది. “తాగారా?”

“లేదమ్మా.”

“నమ్మమంటారా?”

“నమ్మొద్దు. ఊదమంటే ఊదుతాను.”

“నమ్మటం నాకు చేతకాదు నాయుడుగారూ. మా తమ్ముడు ఆ శక్తి మొత్తం తినేసి పోయాడు. కానీ లేచి వెళ్లిపోను. ఏమైందో చెప్పండి” అని కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. ఆయన కూతురి సంగతి చెప్పాడు. నిన్నటి చప్పట్ల సంగతి చెప్పాడు. చెప్పడం అయ్యాక ఇద్దరూ లేచి మేడమ్ గదికి వెళ్లారు.

విశాలాక్షి మేడమ్ ముందు తెల్లబోయింది. నిన్న తనన్న మాట గుర్తొచ్చిందేమో, కాసేపు కిటికీ వైపు తిరిగి కూర్చుంది. అయినా అడగవలసింది అడిగింది.

“సుగుణగారు నీళ్లు అడక్కపోతే నాకు చెప్పేవారా?”

“తెలీదు మేడమ్.”

“చెప్పేవాణ్ణి అని ఉంటే నమ్మేదాన్ని కాదు” అంది ఆమె. “నిన్న నేను చూడవలసింది చూడలేదు. అది నా తప్పు. కానీ మందు లోపలికి తెచ్చినవాళ్లు ఇక్కడ ఉండకూడదు. ఇవాళే వెళ్లండి. వచ్చే బ్యాచ్‌కి రండి. ఈలోగా తాగలేదని మీ డాక్టరు చెబితేనే.”

సుగుణకుమారి ఏదో అనబోయింది. గౌరునాయుడే వారించాడు. చేతులు కడుక్కునే తొట్టి దగ్గర నన్ను వంచి బ్రాందీ మొత్తం పారబోశాడు. ఆ ఘాటుకు ముఖం పక్కకు తిప్పుకున్నాడు. సుగుణకుమారి నా అడుగు పట్టుకుంది. తరవాత వరండాలో నిలబడి ఇంటికి ఫోన్ చేశాడు.

“సన్యాసమ్మా, మందు కొన్నాను. తాగలేదు. పారబోసేశాను. నన్ను పంపించేశారు.”

అటు పక్క పొయ్యి మీంచి గిన్నె దించిన చప్పుడైంది.

“బస్సెక్కు” అంది ఆమె. “వచ్చినాక మూతి సూస్తాను.”

ఇంటి గుమ్మంలోనే ఆమె నిలబడి ఉంది. ఆయన తల వంచాడు. ఆమె ఆయన నోటి దగ్గర ముక్కు పెట్టి చూసింది. చొక్కా చూసింది. మళ్లీ నోరు చూసింది. నమ్మినట్టు ఏమీ అనలేదు. “కాళ్లు కడుక్కో, అన్నం పెడతాను” అని లోపలికి నడిచింది. నన్ను మాత్రం వదల్లేదు. ఆ కంపు పోవాలని చన్నీళ్లతో కడిగి, వెంటనే సలసల కాగిన నీళ్లు తెచ్చి ఒక్కసారిగా నాలో కుమ్మరించింది. లోపలి గాజు ఫట్‌మని పగిలింది. వాసన పోయింది. నేనూ పోయాను.

ఇప్పుడు పెరట్లో చిల్లు గిన్నెలు, విరిగిన గొడుగుల మధ్య ఉన్నాను. తరవాతి బ్యాచ్‌కి ఆయన ఒట్టి చేతులతో వెళ్లి సర్టిఫికెట్ తెచ్చుకున్నాడు. ఆసుపత్రిలో కౌన్సిలరయ్యాడు. అక్కడివాళ్లు ఆయన్ని నమ్ముతారో లేదో నాకు తెలియదు. ఇంటి సంగతి మాత్రం రోజూ సాయంత్రం వినపడుతుంది. గేటు చప్పుడు, చెప్పులు విడిచిన చప్పుడు, “వంగు” అని సన్యాసమ్మ గొంతు. ఆయన వంగుతాడు. ఆమె చూస్తుంది.

మొన్నొక సాయంత్రం ఆమె పొయ్యి మీద చేపల పులుసు పెట్టి ఆ హడావిడిలో ఉండిపోయింది. ఆయన వచ్చాడు. గుమ్మంలో కాసేపు నిలబడ్డాడు.

“ఏటి సన్యాసమ్మా” అని పిలిచాడు, “ఇయ్యాల సూడవా?”