సాగే బట్టకి తిన్నని కుట్టు

ఆ ఇంటి ముందుగదిలో తోడికోడళ్లిద్దరూ చెరో మిషను వేసుకుని కుట్టుపని చేసేవారు. పెద్దకోడలికి జిగ్‌జాగ్ కుట్టంటే ప్రాణం. పోగులు లేచే అంచులు దానితోనే అణిచేది, ఎలాస్టిక్ దానితోనే వేసేది, కుట్టు దగ్గర చేసి పిల్లల గౌన్ల మీద గుడ్డపువ్వులు అతికేది. చిన్నకోడలు కాపురానికొచ్చిన కొత్తలో పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది.

"సాగే బట్టకి తిన్నగా కుట్టావంటే దారం పుటుక్కుమంటుంది. జిగ్‌జాగ్ అయితే బట్టతో పాటే సాగుతుంది" అని వందసార్లు చెప్పి ఉంటుంది.

వీధి చివర డాన్సు టీచరు పిల్లల ప్రదర్శనకి ఇరవై బిగుతు ప్యాంట్లు కుట్టమంది. సరిగ్గా అప్పుడే పెద్దకోడలు జ్వరంతో మంచమెక్కింది.

"నువ్వు పడుకో అక్కా, నేను చూసుకుంటాగా" అంది చిన్నకోడలు. అన్నట్టే చెప్పిన రోజుకి అన్నీ ఇచ్చేసింది.

ప్రదర్శన మర్నాడు పొద్దున్నే టీచరు వచ్చి ఒక ప్యాంటు బల్ల మీద విసిరింది. వెనక కుట్టు నడుము నుంచి తొడ దాకా విడిపోయింది.

"స్టేజీ మీద పిల్ల కాలు చాపిందంతే! హాలంతా నవ్వారు. ఎవరు కుట్టారిది?"

పెద్దకోడలు నోరు తెరిచేలోపే చిన్నకోడలు అందుకుంది. "అక్కేనండీ. ఒంట్లో బాగాలేదు పాపం, వద్దన్నా వినలేదు."

ఎంత ప్రేమగా అందో! పెద్దకోడలు ప్యాంటు తిరగేసి చూసింది. పొడుగునా తెగిన తిన్నని కుట్టు. చిన్నకోడలు కత్తెర వెతుకుతున్నట్టు తల వంచుకుంది.

పెద్దకోడలు అదే బట్ట ముక్కలు తీసి ఒక జత తిన్నగా, ఒక జత జిగ్‌జాగ్‌తో కుట్టి టీచరు చేతికిచ్చింది.

"లాగండి."

మొదటిది పుటుక్కుమంది. రెండోది సాగి మళ్లీ యథాస్థానానికి వచ్చింది.

"నేను కుట్టేది ఈ రెండోదండీ."

టీచరు ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "అన్నీ పంపిస్తాను. మీరే మళ్లీ కుట్టండి" అని వెళ్లిపోయింది.

చిన్నకోడలు ఏడ్చేసింది. "ఆవిడ కోపం చూసి భయమేసిందక్కా. గబుక్కున నోట్లోంచి వచ్చేసింది."

భయంతో అన్నమాటేలే అని పెద్దకోడలు మనసు రాయి చేసుకోలేకపోయింది. రెండు రోజులు కూర్చుని ఇరవై ప్యాంట్లూ విప్పి కుట్టింది.

మూడోనాడు పక్కింటావిడ జాకెట్టు తెచ్చింది. "జ్వరం తగ్గిందా? తగ్గితేనే కుట్టండి తల్లీ. ఒళ్లు కాలిపోతున్నా డాన్సు ప్యాంట్లన్నీ మీరే కుట్టేశారటగా."

"ఎవరు చెప్పారు?"

"మీ చెల్లే. ప్రదర్శనకి ముందురోజు."

ముందురోజు! అంటే ఆ కుట్టు నిలవదని చిన్నకోడలికి అప్పటికే తెలుసు. భయపడ్డాక పుట్టిన అబద్ధం కాదది.

పెద్దకోడలు జాకెట్టు కొలతలు తీసుకుని ఆవిడని పంపించింది. తన మిషనుని వెనక గదిలోకి జరపబోయింది. ఒక పక్క పట్టుకోవడానికి చిన్నకోడలు వస్తే, "వద్దులే" అని ఒక్కతే ఈడ్చుకుపోయింది.