ఎర్ర వరుస

సిరిసిల్లలో పుష్పక్క, ఆమెతోటి ఆడవాళ్లు తాము నేసే చీరలను నేరుగా అమ్ముకుందామనుకున్నారు. వాళ్ల కోసం కోరుట్లలో ఇంట్లోనే కూర్చుని నేనొక వెబ్‌సైట్ చేశాను. దాన్ని పెట్టే సర్వర్ పనికొస్తుందో లేదో దానంతటదే చూసే పరీక్ష కూడా రాశాను. సైట్‌కు కావలసినవాటిలో సర్వర్‌లో ఉన్నవి ఆకుపచ్చగా, లేనివి ఎర్రగా వరుసలుగా వస్తాయి. ఒక్క ఎరుపున్నా సైట్ ఎక్కదు.

సర్వర్ చూసుకునేది పుష్పక్క తమ్ముడు మహిపాల్. ఆ పని ఇప్పించింది కూడా అక్కే. "అన్నీ పచ్చగనే ఉన్నయి మేడం," అని ఫొటో తీసి పంపాడు. నేనూ మురిసిపోయాను. తీరా సైట్ ఎక్కాక చీర ఫొటో పెడితే ఎక్కదే! మర్నాడే అమ్మకాలు మొదలు. ఫొటో లేని చీరను ఎవరు కొంటారు?

సర్వర్‌లో ఉన్న పరీక్ష ఫైలు తెరిచి చూస్తే ఒళ్లు మండిపోయింది. ఫొటోల ఫోల్డర్‌లో దాచడానికి అనుమతి ఉందా అని అడుగుతూ నేను రాసిన వరుసే లేదు. మహిపాల్‌కు ఫోన్ చేశాను.

"గదొక్కటే ఎర్రగొస్తుండె. సైట్‌ను ఆపుతుండె. గందుకే తీసేసిన," అన్నాడు మహానుభావుడు.

దారం తెగితే మగ్గాన్ని ఆపే తీగ ఒకటుంటుంది. ఆగడం ఇష్టంలేక దాన్ని కట్టేసి నడిపేవాళ్లను సిరిసిల్ల మరమగ్గాల షెడ్లలో చూశాను. ఈయన ఆ అలవాటును సర్వర్ దాకా తెచ్చాడు.

తమ్ముడి మీద అక్కకు చెబితే నా పని పోవచ్చు. నాకిదే మొదటి పెద్ద పని. భయపడుతూనే బస్సెక్కి పుష్పక్క ఇంటికి వెళ్లి, మహిపాల్ ముందే అంతా చెప్పాను.

"షెడ్డుల గూడ గిట్లనే తీగ గట్టిండు. బట్టంత ఖరాబైంది. తమ్ముడని ఊకున్న," అంది పుష్పక్క. తర్వాత అతనివైపు తిరిగింది. "అమ్మకం రేపు గాకుంటె ఎల్లుండి. తీసేసింది మల్ల పెట్టు. గా ఎరుపు ఎట్ల పోతదో నా ముంగట చెయ్‌రా."

మహిపాల్ ఆ వరుస మళ్లీ పెట్టాడు. పరీక్ష నడిపాడు. ఎరుపు వచ్చింది. అతని చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"నాకు రాదక్కా," అన్నాడు నేల చూస్తూ. "నా తమ్మునికి అన్నీ అస్తయని నువ్వు అందరికి చెప్పినవ్. ఇగ ఎవలనడగాలె?"

పుష్పక్క కొంగుతో కళ్లొత్తుకుంది. దారి పొడవునా కూడగట్టుకున్న నా కోపం ఎటు పోయిందో తెలియదు. కుర్చీ అతని పక్కకు లాక్కున్నాను.

"జర జరుగన్నా," అన్నాను. "అనుమతి ఎట్లియ్యాల్నో నేను సూపెడత."