కుళాయి గొట్టానికి కట్టిన పచ్చ తీగ

నేను ఒక రాగి తీగను. ఒంటి మీద పచ్చ తొడుగు, పొడవు పన్నెండు మూరలు. మీ ఇళ్లలో ఎర్ర తీగకున్న గౌరవం నాకు లేదు. ఆవిడ అలిగితే ఫ్యాను ఆగుతుంది, టీవీ ఆగుతుంది, ఇంటిల్లిపాదీ లబోదిబోమంటారు. నేను లేకపోతే ఏదీ ఆగదు. అందుకే నేను లేనని ఎవరికీ తెలియదు.

చీరాలలో సుభద్రమ్మగారి ఇంటికి నన్ను తెచ్చినవాడు మస్తాన్ అనే కరెంటు మేస్త్రి. పెరట్లో గుంట తవ్వి, రాగి పలక పాతి, చుట్టూ బొగ్గూ ఉప్పూ నింపాడు. ఆ పలక నుంచి నన్ను లాగి, కుళాయి ఉన్న ఇనప గొట్టానికి బిగించాడు.

"పెద్దమ్మా, మోటారు చెడిపోయి ఈ గొట్టంలోకి కరెంటొచ్చిందనుకో, ఇది భూమిలోకి లాగేసుద్ది. గుంట ఎండిపోకుండా నీళ్లు పోస్తా ఉండండి" అన్నాడు.

సుభద్రమ్మగారు ఆ మాట వేదంలా పట్టుకున్నారు. రోజూ తులసికి పోయగా చెంబులో మిగిలిన నీళ్లు నా గుంటకు. పదకొండేళ్లు అలా గడిచాయి. నేను చేసిన పని ఏమీ లేదు. చేయాల్సిన అవసరం రాకపోవడమే నాకు సుఖం.

పోయిన దసరాకు ఇంటికి రంగులు వేయించారు. గొట్టానికి వెండి రంగు పూయడానికి పనివాడు నా బిగింపు ఊడదీశాడు. రంగు ఆరింది, నా సంగతి మరిచాడు. సుభద్రమ్మగారి కొడుకు ప్రభాకర్ నన్ను చూసి, "ఇది బల్బుకీ పోదు, ఫ్యానుకీ పోదు, ఎందుకో!" అని చుట్టచుట్టి గోడ మేకుకు తగిలించాడు. మోటారు ప్లగ్గు సాకెట్లో పట్టడం లేదని నాలాగే కరెంటుకు భూమి దారి చూపే దాని మూడో కాలు విరిచేసిన మహానుభావుడు కూడా ఆయనే.

కార్తీకంలో వానలు దంచికొట్టాయి. మోటారు లోపల తడిసి, కరెంటు గొట్టంలోకి పాకింది. మోటారు తిరిగినంతసేపూ కుళాయిలో అది ఉండేది. దాన్ని నేలలోకి దింపాల్సిన నేను మూరెడు దూరంలో మేకుకు వేలాడుతున్నాను.

సుభద్రమ్మగారు పొద్దున్నే స్నానం చేసి, తడికాళ్లతో కుళాయి దగ్గరికి వస్తారు. దేవుడి నీళ్లు పట్టేటప్పుడు చెప్పులు వేసుకోరు. సరిగ్గా అప్పుడే ట్యాంకు నింపడానికి మోటారు వేస్తారు.

"కుళాయి పట్టుకుంటే చెయ్యంతా జివ్వుమంటా ఉందమ్మాయ్" అన్నారు కోడలు హైమవతితో.

హైమవతి రబ్బరు చెప్పులతో వచ్చి కుళాయి పట్టుకుని చూసింది. "ఏమీ లేదత్తయ్యా." ప్రభాకర్ కూడా చెప్పులతోనే వచ్చి చూశాడు. "ఏమీ లేదమ్మా, నీకంతా అనుమానం." డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. నరాల నీరసమని మాత్రలిచ్చాడు. ఉన్న జబ్బు గొట్టానికైతే మాత్రలు ఆవిడ మింగారు. నాకు ఏడుపొచ్చింది.

తర్వాత ఆవిడ ఆ మాట ఎత్తలేదు. ఏడాదిన్నర మనవరాలు తన్విని మాత్రం కుళాయి ఛాయలకు రానిచ్చేవారు కాదు.

"మీ భయం పిల్లకి కూడా అంటగడతారా అత్తయ్యా?" అని విసుక్కుంది హైమవతి.

"నన్ను నమ్మకపోతే పోనీలేమ్మా. పిల్లని మాత్రం చంకన పెట్టుకో" అన్నారు సుభద్రమ్మగారు. ఆ గొంతులో కోపం లేదు, బతిమాలడమే ఉంది.

ఒకరోజు పొద్దున తన్వి తలుపు సందులోంచి జారుకుంది. ఒట్టి కాళ్లతో తడి సిమెంటు మీద తప్పటడుగులు వేస్తూ కుళాయికి చెయ్యి చాచింది. మోటారు తిరుగుతోంది. నేను మేకు మీద ఉన్నాను. అంత నిస్సహాయత ఏ తీగకూ రాకూడదు.

సుభద్రమ్మగారు చెంబు వదిలేసి, గౌను పట్టుకుని పిల్లను వెనక్కి లాగారు. ఆ ఊపులో తను జారి, మోచెయ్యి కుళాయికి తగిలి, కెవ్వుమని పక్కకు పడ్డారు.

హైమవతి పరుగెత్తుకొచ్చి పిల్లను ఎత్తుకుంది. కిందపడ్డ అత్తగారిని చూసింది. ఆవిడ ఒట్టి పాదాలు చూసింది. తన చెప్పులు చూసుకుంది. పిల్లను గుమ్మంలో దించి, చెప్పులు విప్పింది.

"వద్దే తల్లీ!" అని అరిచారు సుభద్రమ్మగారు.

వేలి వెనకవైపు కుళాయికి అలా ఆనించిందో లేదో, "అమ్మో!" అంటూ ఎగిరిపడింది. ఒక్క పరుగున వెళ్లి మోటారు కట్టేసి వచ్చి, ఆ తడిలోనే అత్తగారి పక్కన కూలబడింది.

"మీరు చెప్తానే ఉన్నారు. నేను చెప్పులేసుకుని చూశానత్తయ్యా" అని భోరున ఏడ్చింది.

సాయంత్రానికి మస్తాన్ వచ్చాడు. జుట్టు నెరిసింది. మేకుకున్న నన్ను చూసి, "దీన్నెవరు పీకారయ్యా?" అన్నాడు. ప్రభాకర్ గోడకు వేసిన రంగు ఎంత బాగుందో శ్రద్ధగా చూడసాగాడు. మస్తాన్ రెండు రోజుల్లో మోటారు బాగుచేయించి తెచ్చాడు, ప్లగ్గుకు మూడో కాలు వచ్చింది. చివరికి గొట్టం మీది వెండి రంగు గీకి, మెరిసే ఇనుముకు నన్ను బిగించాడు.

మర్నాడు మోటారు వేసిన వేళకు సుభద్రమ్మగారు తడికాళ్లతో వచ్చారు. పక్కనే హైమవతి, తనూ చెప్పుల్లేకుండా. పెద్దావిడ చెయ్యి కుళాయి దాకా వెళ్లి ఆగింది. మెల్లగా ముట్టుకున్నారు. పట్టుకున్నారు. పట్టుకునే ఉన్నారు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏమీ లేదమ్మాయ్" అన్నారు.

చెంబు నిండింది. ఆ రోజు మాత్రం ఆవిడ తులసిని కాసేపు ఆగమని, మొదటి నీళ్లు నా గుంటలో పోశారు.