సముద్రం దాటేదాకా పస్తు

దీనమ్మ గోదావరి దాటే రోజున, ఆమె పంటు పడవ దిగేదాకా భర్త సాలమోను పంటికి ఏమీ తగలనిచ్చేవాడు కాదు. ఆమె క్షేమానికి అది అతని మొక్కుబడి. ఇప్పుడామె లండన్‌లో నర్సు, న్యూయార్కు ఆసుపత్రికి మారుతోంది. "శుక్రవారం పదింటికి విమానం ఎక్కి ఒంటిగంటకి దిగుతాను" అని ఉత్తరం రాసింది.

శుక్రవారం పదింటికి సాలమోను రాజోలులో పరగడుపున మోకరించాడు. ఒంటిగంట కొట్టగానే లేచాడు.

"దిగిపోయిందండీ! మన బస్సు రాజమండ్రి చేరేలోపే అమెరికా!" అంటూ కోడికూరతో భోజనానికి కూర్చుని, పక్కింటి లెక్కల మాస్టారు నారాయణమూర్తి గారినీ కూర్చోబెట్టాడు.

సగం భోజనంలో మాస్టారి చెయ్యి ఆగింది.

"దిగడమేంటండీ? లండన్‌లో ఇప్పుడే తెల్లారుతోంది. ఆవిడింకా విమానమే ఎక్కలేదు."

"మరి ఒంటిగంటన్నదండీ?"

"అది అమెరికా ఒంటిగంట. మూడున్నర వేల మైళ్ళ దూరమండీ, ఎనిమిది గంటల ప్రయాణం. మనకి అర్ధరాత్రి అవుతుంది."

సాలమోను నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది.

"తిన్న కడుపుతో ఉపవాసం చెల్లుతుందాండీ?"

"నాకొచ్చిన లెక్కల్లో అది లేదండీ."

కబురు పంపే దారి లేదు, తిన్నది వెనక్కి తెచ్చే దారీ లేదు. విమానం బయల్దేరే వేళకి సాలమోను నిండు కడుపుతో మళ్ళీ మోకరించాడు. కాసేపటికి ఎక్కిళ్ళు పట్టుకున్నాయి.

"ఆవిడ తలుచుకుంటున్నారు. కాసిని నీళ్ళు తాగండి" అన్నారు మాస్టారు, గ్లాసు అందిస్తూ.

సాలమోను తల అడ్డంగా ఊపాడు.

"దీనమ్మ ఇంకా నీళ్ళ మీదే ఉందండీ."