నాగకన్య పై పెదవి

రాజరత్నం చేతిలో పడితే గాడిద కూడా రంభ అవుతుందని నంద్యాల నాటకాలవాళ్లు అనేవాళ్లు. మొగవాళ్లకు ఆడవేషం వేయడంలో ఆ చుట్టుపక్కల అతన్ని మించినవాడు లేడు. ఆ సంగతి అందరికంటే ముందు అతనికే తెలుసు, అదే కొంప ముంచింది.

1956 ఎండాకాలంలో కొత్త నాటకం కరపత్రం మీద నాగకన్య ఫోటో వేయాలనుకున్నారు. నాగకన్య వేషం ఓబులేసుది. అతను ఆళ్లగడ్డ దగ్గర పెద్ద రైతు పుల్లయ్య కొడుకు. స్టేజీ మీదైతే మీసానికి సబ్బు రుద్ది, అణగ్గొట్టి, పైన తెల్లరంగు పూస్తే పెట్రోమాక్సు వెలుగులో ఎవడూ పట్టలేడు. స్టూడియోలో అలా కాదు, అద్దాల కప్పులోంచి పట్టపగటి ఎండ నేరుగా ముఖం మీద పడుతుంది.

"తీసేద్దాం అబ్బోడా. నెల్లో మొలుస్తాది," అన్నాడు రాజరత్నం.

"మా నాయన బతికుండాడన్నా," అన్నాడు ఓబులేసు.

అలాంటి రైతుల ఇళ్లలో తండ్రి పోయినప్పుడే కొడుకు మీసం తీస్తాడు. బతికుండగా తీస్తే ఆయన్ను పాడె ఎక్కించినట్టే. రాజరత్నానికి ఇది తెలియక కాదు. పెదవి మీద సబ్బు గడ్డలున్న నాగకన్య కింద తన పేరు పడటం ఇష్టంలేక, బజారులోని మంగలి అంగడికి ఈడ్చుకుపోయాడు.

పక్క కుర్చీలో ఆళ్లగడ్డ మనిషొకడు గడ్డం గీయించుకుంటున్నాడు. ఓబులేసు నున్నటి పెదవి చూసి వాడి ముఖం పాలిపోయింది.

"ఎప్పుడు పోయినాడప్పా మీ నాయన?"

ఓబులేసు చేత్తో పెదవి కప్పుకున్నాడు. ఆ మనిషి కండువాతో కళ్లొత్తుకుంటూ శనక్కాయల మండీకి పరుగెత్తాడు, ఊరివాళ్లకు కబురు చెబుదామని. మండీలో మూటల మీద కూర్చుని బేరమాడుతున్నది సాక్షాత్తూ పుల్లయ్యే.

ఆ సంగతి తెలియని రాజరత్నం మాధవయ్య స్టూడియోలో రెండు గంటలు కూర్చుని పనిచేశాడు. కణతల నుంచి మెడ దాకా పచ్చటి పొలుసులు ఒక్కొక్కటే దిద్దాడు. కళ్లను చెవుల దాకా నల్లగా లాగాడు, పెదవులకు నెత్తుటి ఎరుపు వేశాడు. జన్మలో అంత గొప్ప వేషం వేయలేదు. మాధవయ్య ఫోటో తీసి, ఫోటో పడిన గాజుపలకను కడగడానికి చీకటిగదిలోకి పోయాడు.

తలుపు ధన్‌మని తెరుచుకుంది. మంగలిని అడిగి వచ్చిన పుల్లయ్య, వెనక ఇద్దరు మనుషులు.

"నా కొడుకు యాడ రా?"

కొడుకు ఎదురుగానే కుర్చీలో ఉన్నాడు. పుల్లయ్య ఒకసారి చూసి, ఆడమనిషి కదా అని చూపు తిప్పుకున్నాడు. "నువ్వు బయటికి పోమ్మా. ఇది ఆడబిడ్డ చూసే యవ్వారం గాదు."

ఓబులేసు లేచి తలుపు దాకా నడిచాడు. దొరికితే నరుకుతారు. పో, పో అని రాజరత్నం కళ్లతోనే మొత్తుకున్నాడు.

ఇద్దరు మనుషులు రాజరత్నం కుడిచెయ్యి బల్లకు అదిమిపట్టారు. పుల్లయ్య రంగులు నూరే గుండ్రాయి ఎత్తి చిటికెన వేలి మీద వేశాడు. ఎముక పుటుక్కుమంది. "యాడ?" రాజరత్నం అరిచాడే గాని చెప్పలేదు. రెండో దెబ్బకు ఉంగరపు వేలు చితికింది. నెత్తురు రంగు గిన్నెల్లోకి కారింది.

"ఇంగ బొటనేలు," అన్నాడు పుల్లయ్య.

బొటనవేలు పోతే కుంచె పట్టలేడు. కుంచె లేకపోతే రాజరత్నం లేడు. చెప్పేద్దామని అతని నోరు తెరుచుకుంది కూడా.

"నాయనా!" గడపలోంచి మొగగొంతు వినిపించింది. "ఇడ్సిపెట్టు ఆయప్పని. మీసం తీయమన్నది నేనే."

పుల్లయ్య ఆ పచ్చ పొలుసుల ముఖంలో కొడుకును వెతుక్కున్నాడు. నున్నటి పై పెదవి దగ్గర చూపు ఆగింది. గుండ్రాయితో సరిగ్గా అక్కడే కొట్టాడు. పెదవి ముక్కు దాకా చీలింది, ముందు పళ్లు ఊడి పడ్డాయి. కిందపడ్డ కొడుకును మళ్లీ కొట్టాడు, మళ్లీ కొట్టాడు. ఆఖరికి అతని మనుషులే భయపడి వెనక్కి లాగారు.

"నేను సచ్చినాను గదా," అన్నాడు రొప్పుతూ. "సచ్చినోనికి కొడుకెవుడు రా?"

ఓబులేసు బతికాడు. గాయం చీము పట్టి, మానేసరికి పై పెదవంతా తెల్లటి మచ్చ మిగిలింది. దాని మీద వెంట్రుక మొలవలేదు. వంకర వేళ్లు చూసుకున్నప్పుడల్లా రాజరత్నం తనను తానే తిట్టుకునేవాడు.

మూడేళ్లకు అవుకు దారిలో పుల్లయ్యను ఎదుటి కక్షవాళ్లు వేటకొడవళ్లతో నరికారు. కబురు వస్తే ఓబులేసుతో రాజరత్నం కూడా వెళ్లాడు. ముక్కలను పంచెలో మూటగట్టి పెట్టారు. మంగలి కత్తి నూరుకుని వచ్చి ఓబులేసు ముఖం చూసి ఆగిపోయాడు.

"ఏం తీయాలప్పా ఈడ?"

కొడుకు మీసం తీయందే కర్మ సాగదన్నారు పెద్దలు. ఎవరికీ దారి తోచలేదు. ఓబులేసు తలవంచుకుని కూర్చున్నాడు.

రాజరత్నం తన రంగుల పెట్టె తెరిచాడు. మిగిలిన మూడువేళ్లతో కుంచె పట్టి, ఆ మచ్చ మీద కాటుకతో ఒక్కొక్క వెంట్రుకే గీశాడు. పుల్లయ్య మీసం ఎలా ఉండేదో అలాగే, కొసలు పైకి తిరిగి, గుబురుగా వచ్చింది. చూసిన ముసలివాళ్లు ఏడుపు ఆపుకోలేకపోయారు. ఓబులేసు అద్దం అడిగి, అందులో తండ్రిని చాలాసేపు చూశాడు.

తర్వాత మంగలి నీళ్లు చల్లి, కత్తి పెట్టి, దాన్ని గీకేశాడు.